విరూపణ్ణ బొమ్మ దగ్గర నేర్చుకున్న చదువు



బొమ్మలు వేయడం ఎక్కడ నేర్చుకున్నారని నన్ను చాలామంది అడుగుతుంటారు. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు డ్రాయింగు నేర్పినవాణ్ణి గనుక, ఏదో పెద్ద కళాశాలలో చదివి ఉంటానని వాళ్ల ఊహ. డ్రాయింగు పరీక్షలు పాసయిన మాట నిజమే. కాని కుంచె నా మాట వినడం మొదలైంది పరీక్షలతో కాదు. లేపాక్షి గుడి పైకప్పు మీద ఉన్న ఒక పాత బొమ్మను ఉన్నదున్నట్టుగా మళ్లీ వేయబోయి, మూడుసార్లు చెడగొట్టి, నాలుగోసారి ఒడ్డున పడ్డాను. ఆ సంగతే ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

మాది గౌరీబిదనూరు తాలూకాలో ఒక పల్లె. అప్పట్లో కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్లాపురం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ మాట వింటున్న మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే వరస అయివుంటుంది. హిందూపురం మాకు సంతకు పోయివచ్చే ఊరు. అక్కడినుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పుడు శివరాత్రికి మా అమ్మతో పోయేవాణ్ణి. పెద్ద బసవన్న దగ్గర ఆడుకోవడం, గుడిలో గాలిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగడం, ఇవే నాకు తెలిసిన లేపాక్షి. తల పైకెత్తి చూసిన జ్ఞాపకం లేదు.

నాకు అప్పటికి వచ్చిన విద్య క్యాలెండరు బొమ్మలు దించడం. లక్ష్మీదేవినో, సరస్వతినో తీసుకుని దానిమీద పెన్సిలుతో గళ్లు గీసి, కాగితం మీద అంతకు రెట్టింపు గళ్లు గీసి, గడికి గడి పూరించేవాణ్ణి. చూసినవాళ్లు అచ్చు క్యాలెండరు మాదిరే ఉందనేవాళ్లు. అంతకంటే పొగడ్త ఉంటుందని నేను అనుకోలేదు.

మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు. తేరులకు రంగులు వేసేవారు, అంగళ్లకు బోర్డులు రాసేవారు, పెళ్లిళ్లకు గోడల మీద ఏనుగులూ అరటిచెట్లూ వేసేవారు. ఊరంతా ఆయనను అయ్యవారు అనేది. 1974లో, నాకు పంతొమ్మిదేళ్ల వయసులో, నా క్యాలెండరు బొమ్మల కట్ట పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. అప్పటికే ఆయన కళ్లకు పొరలు వచ్చాయి. కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు. చూసి, "ఇవి గళ్లు వేసినాయప్పా, నువ్వు వేయలేదు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆయన నా కోపం పట్టించుకోలేదు. "లేపాక్షికి పో. విరూపణ్ణ బొమ్మ ఉంటుంది. ఒక్క విరూపణ్ణను వేసుకురా. పక్కవాళ్లను తర్వాత చూసుకుందాం. నాకు ఇప్పుడు అంత ఎత్తున ఉండేది కనపడదు. నువ్వు తెస్తేనే నేను చూసేది" అన్నారు.

విరూపణ్ణ ఎవరో కొత్తగా వింటున్నవారి కోసం నాలుగు మాటలు చెబుతాను. లేపాక్షిలోని వీరభద్రాలయం విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో వెలసింది. ఆయన పాలించింది 1529 నుంచి 1542 దాకా. గుడిని ఈ రూపానికి తెచ్చినవాళ్లు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. పెనుకొండ ప్రాంతంలో రాజుగారి కొలువులో ఉన్నవాళ్లు. గుడి ఆవరణలో బండల మీద చెక్కిన శాసనాలు కన్నడంలో ఉన్నాయి. ఊళ్లో మాట మాత్రం తెలుగు. మనలాంటి వాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఖజానా సొమ్ము రాజుకు చెప్పకుండా గుడికి ఖర్చు పెట్టాడని విరూపణ్ణ మీద నేరం మోపారనీ, రాజు శిక్షించేలోగా ఆయనే తన కళ్లు పెరికి గోడకేసి కొట్టుకున్నాడనీ అక్కడ కథగా చెబుతారు. సగంలో నిలిచిపోయిన కళ్యాణ మంటపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలను చూపిస్తారు. ఇది జనం చెప్పుకునే కథ. శాసనం చెప్పిన మాట కాదు. కాని ఆ కథ విన్నవాడు ఆ మనిషి బొమ్మలో మొదట చూసేది కళ్లనే. నేనూ అంతే.

పైకప్పు నిండా బొమ్మలున్నాయి. పార్వతీ కళ్యాణం, అర్జునుడి తపస్సు, పందివేట, ద్రౌపదీ స్వయంవరం, మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడు, ఆవుకు న్యాయం చెప్పిన మనునీతి చోళుడు. ఇన్ని దేవుళ్ల కథల మధ్య, గుడి కట్టించిన అన్నదమ్ములు పరివారంతో నిలబడి పూజారి చేతి విభూతి అందుకుంటూ కనిపిస్తారు. అందరి తలల మీదా పొడుగాటి కుళ్లాయిలు.

మొదటి ఆదివారం పోయినప్పుడు పావుగంటకే మెడ పట్టేసింది. తల వెనక్కి వాల్చి చూడాలి, తల దించి గీయాలి. దించేలోపల చూసింది మరిచిపోతాం. నేను తెలివిగా మా అక్క అద్దం ఒకటి తీసుకుపోయి, నేల మీద పెట్టి, దాంట్లో పడిన బొమ్మను చూస్తూ హాయిగా కూర్చుని గీశాను. మూడు ఆదివారాలు పట్టింది. తెచ్చి అయ్యవారి ముందు పరిచాను. ఆయన చాలాసేపు చూసి, "పూజారి ఎడమచేత్తో విభూతి ఇస్తున్నాడే, ఇదెక్కడి ఆచారమప్పా?" అన్నారు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని ఏడో తరగతి పిల్లవాడికి తెలుసు. మూడు వారాలు నాకు తోచలేదు. బొమ్మలో ఏం జరుగుతున్నదో నేను చూడనేలేదు. గీతలను మాత్రమే చూశాను.

రెండోసారికి ఆయనే ఒక ఉపాయం చెప్పారు. పగిలిపోయిన పలక చట్రం ఒకటి తీసుకుని, దానికి నల్లదారాలు అడ్డంగా నిలువుగా బిగించి కట్టమన్నారు. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. బొమ్మల మీద చెయ్యి వేయకూడదు, కాగితం ఆనించి దించకూడదు. అది న్యాయమే. కాపలా ఆయనను అడిగి, మంటపంలో ఒక పక్కగా చాప వేసుకుని, వెల్లకిలా పడుకుని, ఆ చట్రాన్ని కంటికి మూరెడు దూరంలో పట్టుకునేవాణ్ణి. కుళ్లాయి కొస ఏ దారం దగ్గర ఉంది, గడ్డం ఏ దారానికి ఆనింది అని చూసి కాగితం మీద గుర్తు పెట్టుకునేవాణ్ణి. గళ్లు క్యాలెండరు మీద గీసుకుంటే అవి బొమ్మను మింగేస్తాయి. గాలిలో ఇట్లా పట్టుకుంటే చెయ్యి కదిలినప్పుడల్లా కొలత మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ కన్నే తేల్చుకోవాలి. అయ్యవారు కోరింది అదే.

అప్పుడు తెలిసింది, కుళ్లాయి ఇంచుమించు మొహమంత పొడుగుంటుందని. అంతవరకు నేను దాన్ని టోపీలాగా చిన్నదిగా వేస్తూ వచ్చాను. నాకు తెలిసిన టోపీ అంతే మరి. ఈ కుళ్లాయి ఆనాటి కొలువు వేషం. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు తన ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన లోహవిగ్రహాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన తల మీద ఉన్నదీ ఇటువంటిదే. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పయస్ కూడా రాయలవారి జరీ టోపీని ప్రత్యేకంగా చూసి రాసిపెట్టాడు. కాబట్టి ఆ చిత్రకారుడు తలమీది బట్టను ఊహించి వేయలేదు, చూసి వేశాడు. ముక్కూ మొహమూ మాట అట్లా చెప్పలేం. అన్నదమ్ములూ పరివారమూ దాదాపు ఒకే అచ్చులో ఉంటారు. విరూపణ్ణ నిజంగా అట్లాగే ఉండేవాడా అని అడిగితే, ఉండేవాడని నేను ప్రమాణం చేయలేను. అది ఫోటో కాదు. కాని కుళ్లాయి నిజం, పంచె కుచ్చిళ్లు నిజం, దేవుడి ముందు నిలబడిన తీరు నిజం.

రెండో బొమ్మ కొలతల్లో కుదిరింది. రంగుల్లో చెడింది. అంగట్లో దొరికే పోస్టరు కలర్లు తెచ్చి, బుగ్గకు నీడ పెట్టి, ముక్కు మీద తెల్లటి మెరుపు పెట్టి, వెనక కాస్త ఆకాశం ఉంటే బాగుంటుందని నీలం పూశాను. అయ్యవారు, "ఈయన విరూపణ్ణ కాదు, సినిమా రాజు" అని పక్కన పెట్టేశారు. లేపాక్షి పైకప్పులో నీలం దాదాపు కనబడదని నేను గమనించనే లేదు. చూడనిదాన్ని అలవాటు కొద్దీ పూసేశాను. అక్కడున్నవి మట్టి రంగులు, రాతి రంగులు. ఎర్రమన్ను ఎరుపు, పసుప్పచ్చ మన్ను, ఆకుపచ్చ, మసి నలుపు, సున్నపు తెలుపు. వెలుగు నీడలు లేవు. రంగు చదునుగా పూసి, చుట్టూ నల్లగీత గీసి వదిలేశారు. ఒళ్లు గుండ్రంగా ఉందా, బట్ట పల్చగా ఉందా అన్నది ఆ గీతే చెప్పాలి.

ఆ రంగులు అయ్యవారు నాచేత నూరించారు. ఎర్రమన్నును నీళ్లలో కలిపి, ఇసక అడుక్కు దిగాక పైతేటను ఇంకో గిన్నెలోకి వంచి, ఆరబెట్టి, మళ్లీ కల్వంలో నూరాలి. ఆముదపు దీపం మీద బోర్లించిన మూకుడు నుంచి మసి తీయాలి. తుమ్మబంక నానబెట్టి వడగట్టి కలపాలి. బంక తక్కువైతే రంగు ఆరాక చేతికంటుతుంది, ఎక్కువైతే పెచ్చులు లేస్తుంది. ఎంత కలపాలని అడిగితే ఆయన కొలత చెప్పలేదు. గోరు మీద ఒక బొట్టు పెట్టుకుని ఆరనిచ్చి రుద్ది చూడమన్నారు. నేను ఇప్పటికీ అట్లాగే చూస్తాను.

గీత మాత్రం రాలేదు. నా గీత వణికేది, నాలుగు ముక్కలుగా అతికినట్టు ఉండేది. ఆ పాత గీత భుజం దగ్గర మొదలై మోచేతి దాకా ఒక్క ఊపులో వచ్చి, మధ్యలో లావై, చివర సన్నబడి ఆగుతుంది. ఒకరోజు పొద్దున ఇంటి అరుగు మీద కూర్చుని అదేపనిగా గీతలు సాధన చేస్తున్నాను. మా అమ్మ వాకిట్లో ముగ్గేస్తూ నన్ను చూసింది. "నాయనా, నువ్వు చేతిని చూస్తుండావు. నేను ముగ్గేసేటప్పుడు చేతిని చూడను, పోయి చేరే చుక్కను చూస్తాను" అన్నది. మా అమ్మకు చదువు రాదు. ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. గీత పోయి ఆగవలసిన చోటు మీద చూపు నిలిపి, మణికట్టు కాక భుజం కదిపి గీయడం అప్పటినుంచి మొదలుపెట్టాను. పాత వార్తాపత్రికల మీద ఉత్త నీళ్లతో కుంచె ఆడించేవాణ్ణి. రెండు నెలలకు కొంచెం దారికి వచ్చింది.

కన్ను సంగతి ఇంకొకటి. పక్కకు తిరిగిన మొహంలో మనకు కన్ను సగమే కనిపిస్తుంది. నేను లోకంలో చూసినట్టుగా సగం కన్ను వేశాను. మొహం గుడ్డిదైపోయింది. పాత చిత్రకారుడు పక్కమొహంలో కూడా ఎదురుగా చూసినట్టు నిండు కన్ను, చేపలాంటి పొడుగు కన్ను పెట్టాడు. అది తెలియక చేసిన పని అనుకునేవాణ్ణి. నా సగం కన్నును దాని పక్కన పెట్టి చూసుకున్నాక ఆ మాట అనడం మానేశాను.

ఇక మూడో బొమ్మ. ఈసారి విరూపణ్ణ వెనకున్న పరివారంలో ఒక మనిషినీ కలుపుకున్నాను. రంగు కుదిరింది, గీత కుదిరింది. ఆ మనిషి చేయి ఉండవలసిన చోట గార ఊడిపోయి ఉత్త రాయి కనబడుతుంది. అక్కడ ఖాళీగా వదిలితే బొమ్మ కుంటిదవుతుందని, నా సొంతంగా ఒక చెయ్యి వేసి, చేతిలో ఒక పూలదండ పెట్టాను. దండ చాలా బాగా వచ్చింది. పొగుడుతారని ఎదురు చూశాను.

అయ్యవారు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అంగుళం అంగుళం చూసుకుంటూ వచ్చారు. ఆ చేయి దగ్గర ఆగారు. "ఇక్కడ గార పోయింది గదా. నాకు చూపు ఉన్నప్పుడే పోయింది. నీకు చెయ్యి ఎక్కడ కనపడింది?" అని అడిగారు. ఊహించి వేశానన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "నేను నీ కంటితో చూస్తున్నానప్పా. నువ్వు లేనిదాన్ని చూపిస్తే నేను నమ్ముతాను. నా తర్వాత ఇంకొకడు నమ్ముతాడు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. పది రోజులు ఆయన దగ్గరికి పోలేదు.

ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, అజంతా నకళ్ల చరిత్ర చదివినప్పుడు. 1844లో మద్రాసు సైన్యపు అధికారి రాబర్ట్ గిల్‌ను అజంతా చిత్రాలకు నకళ్లు వేయడానికి నియమించారు. ఏళ్ల తరబడి ఆయన వేసి పంపిన చిత్రాలు లండన్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి. తర్వాత 1872 నుంచి 1885 వరకు బొంబాయి కళాశాల నుంచి గ్రిఫిత్స్ తన విద్యార్థులను తీసుకుపోయి మళ్లీ వేయించాడు. వాటిలోనూ చాలా భాగం 1885లో లండన్‌లోనే అగ్నికి ఆహుతయ్యాయి. మిగిలినవాటిలో, ఇప్పుడు గుహల్లో రాలిపోయిన భాగాలు కొన్ని కనిపిస్తాయి. గోడ మీద లేనిది నకలులో ఉంది. ఆ పిల్లలలో ఎవరైనా నాలాగా ఒక దండ అల్లిపెట్టి ఉంటే, ఈనాడు దాన్ని మనం అజంతా దండ అనుకునేవాళ్లం.

మూడోసారి 1909 నుంచి 1911 వరకు చలికాలాల్లో లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి పూనుకున్నారు. అప్పటికి అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. ఆమెతో పనిచేసినవారిలో కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజులుద్దీన్ ఉన్నారు. మన మైసూరు వెంకటప్పగారు కూడా ఉన్నారు. వాళ్లంతా అప్పటికి కుర్రవాళ్లు. నందలాల్ బోస్ తర్వాత శాంతినికేతనంలో గురువై ఎందరినో తయారు చేశారు. నకలు కొట్టేవాడికి సొంత చెయ్యి రాదని మనలో ఒక చిన్నచూపు ఉంది. ఈ పేర్లు విన్న తర్వాత ఆ చిన్నచూపు ఎట్లా నిలుస్తుందో నాకు అర్థం కాదు. బడిలో చార్టు చూసి మార్కుల కోసం దించేదాన్ని నేనూ సమర్థించను. అది వేరు, ఇది వేరు.

మళ్లీ నా సంగతికి వస్తాను. పదకొండో రోజున అయ్యవారే మా ఇంటికి వచ్చారు. మనవడి భుజం పట్టుకుని రెండు మైళ్లు నడిచి వచ్చారు. మా అమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి, "ఇంకొకటి వేస్తావా, వద్దా?" అని మాత్రం అడిగారు. వేస్తానన్నాను.

నాలుగోదానికి ఆరు ఆదివారాలు పట్టింది. చేయి ఉండవలసిన చోట ఉత్త సుద్దరంగు వదిలేశాను. ఊడిన గార అంచు ఎట్లా వంకర తిరిగిందో అదీ వేశాను. ఆశ్చర్యమేమంటే, ఆ అంచును అంత శ్రద్ధగా చూసినప్పుడే, దాని పక్కన నల్లగీత తుంపు ఒకటి కనిపించింది. మణికట్టు కడియం ముక్క అది. దండ వేసిన రోజున నాకు కనిపించలేదు.

విరూపణ్ణ కంటిపాపలు వేయకుండా కాగితాన్ని అయ్యవారి దగ్గరికి తీసుకుపోయాను. విగ్రహం చేసే స్థపతులు కళ్లు చివరన తెరుస్తారని మీకు తెలుసు. ఆ చుక్క ఆయన చేత పెట్టించాలని నా కోరిక. ఆయన కుంచె చేతిలోకి తీసుకున్నారు. మసి రంగు గోరు మీద పెట్టి చూశారు. చేయి వణుకుతున్నది. కొంచెంసేపు అట్లాగే ఉండి, కుంచెను నాకు తిరిగి ఇచ్చి, "నువ్వే పెట్టు. ఎక్కడికి చూస్తున్నాడో తెలుసు గదా?" అన్నారు. పూజారి చేతివైపని చెప్పాను. పెట్టాను. ఆయన కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు. బాగుందని అనలేదు. "కుళ్లాయి ఇప్పుడు కుదిరింది" అన్నారు. మరుసటి వారం నుంచి తేరు పనికి నన్ను వెంట తీసుకుపోయారు.

లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరింది. వచ్చేపోయేవాళ్లు పెరిగారు. నేర్చుకోవాలనే పిల్లలుంటే ఒకటి చెబుతాను. పైకప్పు మొత్తాన్ని ఎత్తుకోవద్దు. ఒక్క మనిషిని తీసుకోండి, ఒక్క తల అయినా చాలు. గోడను, స్తంభాన్ని తాకవద్దు. సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని ఇంట్లో పెద్దది చేసుకుని చూసుకోవచ్చు. మెడ నొప్పి ఉండదు, నాకు అసూయగానే ఉంది. కాని గీయడానికి ముందొకసారి, గీసిన తర్వాత ఒకసారి అక్కడికి పోయి తల ఎత్తి చూడండి. ఫోటోలో ఎరుపు ఒక రకంగా ఉంటుంది, మంటపం నీడలో ఇంకొక రకంగా ఉంటుంది. హిందూపురం దూరమైనవాళ్లకు హంపి విరూపాక్షాలయం రంగమంటపం పైకప్పు ఉంది, తంజావూరు ఉంది. మీ ఊరి పాత మఠం గోడ మీద కూడా ఏదైనా ఉండవచ్చు. సున్నం కొట్టేలోపల పోయి చూడండి.

ఆ నాలుగో బొమ్మ మా ఇంట్లో నడవా గోడకు ఉంది. వచ్చినవాళ్లు ఆ తెల్లటి చోటు చూసి, తీరిక లేక వదిలేశారా అని అడుగుతుంటారు. మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చింది. అక్కడ ఏముండేది తాతా అని అడిగింది. తెలియదమ్మా, కడియం మాత్రం ఉండేది అన్నాను. మరునాడు నన్ను లేపాక్షికి బయలుదేరదీసింది. మర్రాకు మీది బాలకృష్ణుణ్ణి ఎంచుకుంది. మొదటి కాగితం చించేసింది. రెండోదాంట్లో ఇప్పటికి ఆకు అంచు, ఒక పాదం వచ్చాయి.